‘కమీషన్ లేదు’ అన్న బోర్డు ఎదుట

ప్రశ్న: నమస్కారం. మేమిద్దరం, దంపతులం, మొదటిసారి విదేశయాత్రకు బయలుదేరుతున్నాం. మూడు వారాల్లో మూడు దేశాలు తిరగాలి, మూడింటిలోనూ వేర్వేరు కరెన్సీలు. మొత్తం ఖర్చుకు సరిపడా డబ్బును ఇక్కడే మార్చుకుని నగదుగా తీసుకెళ్లమని మా బావగారు అంటున్నారు. కార్డు ఒక్కటి చాలని మా అబ్బాయి వాదన. ట్రావెల్ ఏజెంటు ఫారెక్స్ కార్డు తీసుకోమంటున్నాడు. విమానాశ్రయంలో అయితే కమీషన్ లేకుండానే మారుస్తారని ఇంకొకరు చెప్పారు. ఇవి చాలవన్నట్టు, మా బావగారు ఎప్పటివో పాత విదేశీ నోట్లు కొన్ని ఇచ్చి వాడుకోమన్నారు. తక్కువ నష్టంతో ఆ దేశపు డబ్బు మా చేతికి రావాలంటే ఏ దారి మంచిది? ఎంత నగదు దగ్గర ఉంచుకోవాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ బావగారి మాటలోనూ, మీ అబ్బాయి మాటలోనూ సగం సగం నిజం ఉంది. చాలా దేశాలకు వర్తించే దారిని ముందే చెప్పేస్తాను. దిగిన తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు గడవడానికి సరిపడే నగదు మాత్రం వెంట ఉంచుకోండి. మిగిలినది అక్కడికి చేరాక, ఏదైనా బ్యాంకుకు చెందిన ఏటీఎంలో డెబిట్ కార్డుతో, కొద్దిసార్లే, ఒక్కోసారి కాస్త పెద్ద మొత్తంగా తీసుకోండి. హోటలు బిల్లు, రైలు టికెట్ల వంటి పెద్ద చెల్లింపులు కార్డుతోనే చేయండి. విమానాశ్రయపు కౌంటరును వేరే గతి లేనప్పుడే ఆశ్రయించండి. అయితే ఇదంతా పాటించినా నడుమ డబ్బు జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి కనుక, ఎవరు ఎక్కడ ఎంత పట్టుకుంటారో కాస్త వివరంగా చెప్పుకోవలసి ఉంది.

కరెన్సీ మార్చుకునేటప్పుడు అందరూ కమీషన్ ఎంత అని అడుగుతారు. ఆ ప్రశ్నతో పెద్దగా ఉపయోగం లేదు. మార్చేవాడు తన లాభాన్ని కమీషన్ అనే పేరు పెట్టి విడిగా తీసుకోనక్కరలేదు, రేటులోనే కలిపేసుకోవచ్చు. బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాలు మార్చుకునే బజారులో కొనుగోలు ధర ఒకటి, అమ్మకం ధర ఒకటి ఉంటాయి. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉండేదాన్ని మధ్యస్థ రేటు అంటారు. ఫోనులో ఏ కరెన్సీ కన్వర్టరు తెరిచినా సాధారణంగా కనిపించేది ఇదే. మనబోటి వాళ్లకు ఆ రేటున ఇచ్చేవాళ్లు అరుదు కానీ, ఎవరు ఎంత మిగుల్చుకుంటున్నారో తేల్చడానికి అంతకన్నా మంచి కొలత లేదు.

లెక్క సులువుగా ఉండేందుకు ఒక విదేశీ యూనిట్ మధ్యస్థ రేటు మీ డబ్బులో 100 అనుకుందాం. కౌంటరు బోర్డు మీద రెండు అంకెలు వెలుగుతుంటాయి: కొనుగోలు 92, అమ్మకం 108. ఈ మాటలు కౌంటరు వైపు నుంచి రాసినవి. మీరు విదేశీ డబ్బు తీసుకుంటున్నారంటే వాళ్లు అమ్ముతున్నారన్నమాట, కాబట్టి మీకు వర్తించేది 108. అక్కడ 500 యూనిట్లు తీసుకుంటే మీరు 54,000 ఇస్తారు. మధ్యస్థ రేటు ప్రకారం వాటి విలువ 50,000. అంటే అసలు విలువ మీద 8 శాతం అదనంగా ఇచ్చారు, రసీదు మీద మాత్రం కమీషన్ సున్నా అనే ఉంటుంది. ఆ యాత్ర ఏదో కారణంతో రద్దయి, అవే 500 యూనిట్లను అదే కౌంటరులో తిరిగి ఇచ్చేస్తే 92 చొప్పున 46,000 చేతిలో పెడతారు. ఊరు దాటకుండానే 8,000 ఖర్చు! ‘కమీషన్ లేదు’ అన్న బోర్డు అబద్ధం చెప్పలేదు. చెప్పవలసింది చెప్పలేదు, అంతే.

అందుచేత ఏ కౌంటరు దగ్గరైనా ఒకే మాట అడగండి: ‘నేను ఇంత ఇస్తే, అన్నీ పోను నా చేతికి ఎంత వస్తుంది?’ వాళ్లు చెప్పిన అంకెను ఫోనులో కనిపించే మధ్యస్థ రేటు అంకెతో పోల్చండి. తేడా రెండు శాతం లోపల ఉంటే నగదు మార్పిడికి అది మంచి బేరమే. ఐదు దాటితే వెనక్కి తిరిగి రండి. విమానాశ్రయంలో ఈ తేడా ఎక్కువగా ఉండటానికి కారణం ఊహించడం కష్టం కాదు. అక్కడి అద్దెలు ఎక్కువ, పైగా అక్కడికి వచ్చే మనిషికి వేరే దుకాణానికి వెళ్లే వెసులుబాటు లేదు. ఇందుకు భిన్నంగా బ్యాంకాక్, సింగపూర్ వంటి నగరాల్లో మార్పిడి దుకాణాలు పక్కపక్కనే పోటీపడి నడుస్తాయి కనుక, ఊళ్లోకి వెళ్లి మార్చుకుంటే పేరున్న పెద్ద కరెన్సీలకు మధ్యస్థ రేటుకు చాలా దగ్గరి రేటే దొరుకుతుంది. అలాంటి చోట మీ బావగారి నగదు మార్గమే గెలవవచ్చు. కానీ అది ఆ ఊరి సంగతి, అన్ని ఊళ్ల సంగతి కాదు.

ఇక ఏటీఎం. విదేశంలో మీ కార్డుతో డబ్బు తీస్తే మారకపు రేటును నిర్ణయించేది సాధారణంగా ఆ యంత్రం కాదు, కార్డు మీద గుర్తున్న నెట్‌వర్కు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ రోజువారీ రేట్లను తమ వెబ్‌సైట్లలో చూపిస్తాయి, తేదీ ఇచ్చి లెక్క చూసుకునే వీలు కూడా ఉంది. ఆ రేటు మామూలుగా మధ్యస్థ రేటును అంటిపెట్టుకునే ఉంటుంది. దాని మీద మొదట పడేది మీ సొంత బ్యాంకు వేసే విదేశీ లావాదేవీ రుసుము. ఇది చాలా బ్యాంకుల్లో ఒకటి నుంచి మూడున్నర శాతం దాకా ఉంటుంది, కొన్ని ఖాతాలకు అసలు ఉండదు. మీరు బయలుదేరే ముందు చేయగలిగిన అత్యంత లాభసాటి పని బహుశా ఇదే: మీ ఇద్దరి పేర్ల మీద ఉన్న కార్డులన్నీ బల్ల మీద పరిచి, ఒక్కోదానికీ ఈ శాతం ఎంతో, విదేశీ ఏటీఎంలో తీసిన ప్రతిసారీ విడిగా వేసే స్థిర రుసుము ఎంతో బ్యాంకు ఛార్జీల పట్టికలో చూసి కాగితం మీద రాసుకోండి. ఒకే ఇంట్లోని రెండు కార్డుల మధ్య మూడు శాతం తేడా కనిపించడం వింతేమీ కాదు.

రెండో రుసుము అక్కడి యంత్రం యజమానిది. కొన్ని దేశాల్లో ఇది ఉండదు, కొన్నింట ఎక్కడికి వెళ్లినా తప్పదు. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డు పెట్టిన ప్రతిసారీ 220 బాట్లు తీసుకోవడం చాలా ఏళ్లు నడిచింది. ఇలాంటి స్థిర రుసుము ఎంత బరువో మీరు తీసే మొత్తాన్ని బట్టి తేలుతుంది. 1,000 బాట్లు తీసినవాడికి అది 22 శాతం, 20,000 తీసినవాడికి 1.1 శాతం. మా అబ్బాయి జేబుదొంగల భయంతో రోజుకింత చొప్పున తీయమంటాడు అని మీరు అనవచ్చు. ఆ భయం న్యాయమైనదే కానీ, దానికి మందు హోటలు గదిలోని లాకరు, లేదా డబ్బును ఇద్దరి దగ్గర పంచి ఉంచుకోవడం. రోజుకోసారి రుసుము కట్టడం మాత్రం కాదు. యంత్రం తన రుసుము ఎంతో డబ్బు ఇచ్చే ముందు తెర మీద చూపిస్తుంది. నచ్చకపోతే అక్కడే రద్దు చేసి, వేరే బ్యాంకు యంత్రంలో ప్రయత్నించవచ్చు.

ఇప్పుడు చెప్పబోయేదే అన్నిటికన్నా ముఖ్యం. దీన్ని నేను నా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒకసారి అర్ధరాత్రి విమానం దిగి, కళ్లు మూతపడుతుండగా, సామాన్ల బెల్టు పక్కనున్న ఒక ఏటీఎం ముందు నిలబడ్డాను. పిన్ కొట్టి మొత్తం ఎంచుకున్నాక, తెర మీద నా సొంత కరెన్సీలో ఒక అంకె కనిపించింది. దాని కింద ‘ఈ రేటుకు హామీ’ అన్న మాట, కుడివైపు ఆకుపచ్చ గడిలో ‘అంగీకరిస్తున్నాను’, ఎడమవైపు ఎర్ర గడిలో ‘మార్పిడి వద్దు’ అని ఉన్నాయి. ఎర్రది నొక్కితే లావాదేవీయే ఆగిపోతుందనుకున్నాను, అలా అనిపించేటట్టే ఉంది ఆ తెర. పచ్చది నొక్కాను. మర్నాడు పొద్దున రసీదును, ఆనాటి మధ్యస్థ రేటును పక్కపక్కన పెట్టి చూసుకుంటే 9 శాతం ఎక్కువ కట్టానని తేలింది. ఆ రేటుకు హామీ ఉన్న మాట నిజమే.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. మీ కార్డు ఏ దేశానిదో యంత్రం గుర్తుపట్టి, ‘మీ సొంత కరెన్సీలోనే తీసుకోండి, ఎంత పడుతుందో ఇప్పుడే తెలుస్తుంది’ అని ఆశ చూపిస్తుంది. ఒప్పుకుంటే మార్పిడి నెట్‌వర్కు రేటున కాక, యంత్రం నడిపేవాడు ఎంచుకున్న రేటున జరుగుతుంది. చాలా సందర్భాల్లో మీ బ్యాంకు తన విదేశీ లావాదేవీ రుసుమును అప్పుడు కూడా వదులుకోదు. ‘మార్పిడి వద్దు’ అని నొక్కితే డబ్బు రాకపోదు. ఆ దేశపు కరెన్సీలోనే లావాదేవీ నమోదై, నోట్లు అదే యంత్రం నుంచి అలాగే బయటికి వస్తాయి. కొన్ని యంత్రాలు పట్టు వదలక ‘నిజంగానే వద్దా?’ అని రెండోసారి కూడా అడుగుతాయి. నిజంగానే వద్దు. దుకాణాల్లో, హోటళ్లలో కార్డు గీసే చిన్న యంత్రం మీదా ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడ ఇంకొక చిక్కు ఏమిటంటే, మీకు చూపించకుండానే కౌంటరులోని మనిషి ఒక బొత్తాం నొక్కేయవచ్చు. ఎంచుకునే హక్కు కార్డుదారుడిదేనని నెట్‌వర్కుల నియమాలే చెబుతున్నాయి కనుక, పిన్ కొట్టే ముందు తెర మీద ఏ కరెన్సీ ఉందో చూడండి, మీ సొంత కరెన్సీ కనిపిస్తే రద్దు చేసి మళ్లీ చేయమని నిర్మొహమాటంగా చెప్పండి. యూరోపియన్ యూనియన్‌లో, అక్కడి దేశాల కరెన్సీల మధ్య ఇలా మార్పిడి చేసేవాళ్లు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రిఫరెన్స్ రేటు కంటే ఎంత శాతం ఎక్కువ తీసుకుంటున్నారో ముందుగానే చూపాలన్న నియమం 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అలా చూపించిన తర్వాత కూడా పచ్చ గడి నొక్కేవాళ్లు ఉన్నారు కనుకనే ఆ వ్యాపారం నడుస్తోంది.

ఏ యంత్రాన్ని ఎంచుకోవాలన్నది కూడా డబ్బు సంగతే. పర్యాటకులు తిరిగే వీధుల్లో, మద్యం దుకాణాల గోడల్లో విడిగా అమర్చిన, ఏ బ్యాంకు పేరూ లేని ఏటీఎంలను వీలైనంతవరకు వదిలేయండి. వాటి రుసుములు ఎక్కువ, పైన చెప్పిన ఆశ చూపించడమూ ఎక్కువే. బ్యాంకు శాఖ గోడకే ఉన్న యంత్రాన్ని, ఆ శాఖ తెరిచి ఉండే వేళల్లో వాడితే, కార్డు లోపల ఇరుక్కుపోయినా అడగడానికి మనిషి ఉంటాడు. జపాన్ వంటి చోట్ల మాత్రం ఈ సూత్రాన్ని కాస్త సడలించుకోవచ్చు. అక్కడి సెవెన్-ఇలెవెన్ దుకాణాల్లోని సెవెన్ బ్యాంక్ యంత్రాలు విదేశీ కార్డులను బాగా తీసుకుంటాయని ప్రయాణికులందరికీ తెలుసు. క్రెడిట్ కార్డుతో మటుకు ఎక్కడా నగదు తీయకండి. దానికి విడిగా రుసుము ఉంటుంది, దుకాణంలో కొన్నదానికి దొరికే వడ్డీలేని గడువు నగదుకు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

బయలుదేరే ముందు కార్డును విదేశీ వాడకానికి తెరిపించుకోవడం, రోజువారీ పరిమితి సరిపోతుందో లేదో చూసుకోవడం, వేర్వేరు బ్యాంకులవి రెండు కార్డులు వేర్వేరు సంచుల్లో పెట్టుకోవడం మీకు చెప్పనక్కరలేదనుకుంటాను. మీ పిన్ ఆరు అంకెలదైతే అన్ని దేశాల యంత్రాలూ దాన్ని ఒప్పుకోకపోవచ్చు, మీ బ్యాంకును ఒకసారి అడగండి.

ఫారెక్స్ కార్డు చెడ్డదేమీ కాదు. ఒక కరెన్సీని ముందుగానే ఒక రేటున కొని అందులో నింపుకుంటారు కనుక, ఆ తర్వాత రేటు పెరిగినా మీకు చింత లేదు. అయితే తగ్గితే లాభమూ లేదు. అసలు ఖర్చు నింపేటప్పుడు ఇచ్చే రేటులో ఉంటుంది కాబట్టి, ఇక్కడ కూడా బోర్డు ముందు అడిగిన ప్రశ్నే అడగాలి. మీ విషయంలో నాకు ఎక్కువ సందేహం కలిగించేది మూడు కరెన్సీలు. కార్డులో లేని కరెన్సీలో ఖర్చు చేస్తే, ఉన్న కరెన్సీ నుంచి దానికి మళ్లీ మార్పిడి జరుగుతుంది, దానికి వేరే రుసుము పడుతుంది. ఏజెంటు మొత్తం డాలర్లలో నింపిస్తానంటే, మీ డబ్బు డాలర్లుగా ఒకసారి, డాలర్లు ఆ దేశపు డబ్బుగా మరోసారి మారతాయన్నమాట, రెండుచోట్లా కోత. మీ మూడు కరెన్సీలనూ విడివిడిగా పట్టే కార్డు అయితేనే ఆలోచించండి. కార్డులో మిగిలిన డబ్బును వెనక్కి తీసుకోవడానికి ఎంత, కొన్నాళ్లు వాడకుండా వదిలేస్తే నెలకెంత అన్నవి కూడా ముందే అడగండి. ఆ మాటలు కరపత్రం ముందు పేజీలో ఉండవు.

ఇప్పటివరకు చెప్పినది తారుమారయ్యే దేశాలు కూడా ఉన్నాయి. ఇరాన్‌లో వీసా, మాస్టర్‌కార్డ్ పనిచేయవు. 2022 మార్చిలో ఆ రెండు సంస్థలూ కార్యకలాపాలు ఆపేశాక, బయటి దేశాల్లో ఇచ్చిన వాటి కార్డులు రష్యాలో కూడా పనిచేయడం లేదు. అక్కడికి వెళ్లేవాళ్లకు నగదే దిక్కు. అధికారిక రేటు ఒకటి, బజారు రేటు ఒకటి నడిచే దేశాలది ఇంకొక కథ. లెబనాన్‌లో 1997 చివరి నుంచి డాలర్‌కు 1,507.5 పౌండ్లన్న అధికారిక రేటు కదలకుండా ఉండిపోయింది. 2019లో సంక్షోభం మొదలయ్యాక బజారు రేటు దాన్ని వదిలేసి పరుగెత్తి, 2023 జనవరి నాటికి 50,000 దాటింది. ఆ రోజుల్లో పాత అధికారిక రేటున కార్డు గీసినవాడికి, డాలరు నోట్లు పట్టుకెళ్లినవాడికి మధ్య తేడా శాతాల్లో కాదు, పదుల రెట్లలో ఉండేది. మీరు వెళ్లే మూడు దేశాల్లో ఇలాంటిది ఏదైనా ఉందేమో తెలుసుకోండి. ఉంటే కార్డును నమ్ముకోకండి. అలాగని వీధిలో చేయి పట్టుకుని మంచి రేటు ఇస్తాననేవాడి వెంటా వెళ్లకండి. చాలాచోట్ల అది చట్టవిరుద్ధం. పైగా మీ కళ్లముందే లెక్కపెట్టిన నోట్ల కట్టలో నడుమ ఒక నోటు మడతపెట్టి రెండుగా చూపించడం, విలువలేని వేరే దేశపు నోట్లు కలపడం వాళ్లకు చేతివాటం. బ్యాంకు కౌంటరులోనైనా సరే, అక్కడే నిలబడి లెక్కపెట్టుకున్న తర్వాతే డబ్బు జేబులో పెట్టుకోండి.

ఎంత నగదు ఉంచుకోవాలని అడిగారు. ఆ దేశపు డబ్బు దొరికితే రవాణాకు, భోజనానికి రెండు రోజులకు సరిపడేంత చాలు. అది కాక, కార్డులన్నీ మొరాయించినా మూడు నాలుగు రోజులు నిలదొక్కుకునేందుకు డాలర్లో యూరోలో కొన్ని నోట్లను మీ ఇద్దరూ చెరి సగం ఉంచుకోండి, అవసరం పడకపోతే అలాగే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ నోట్లు ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. అమెరికా ప్రభుత్వం దృష్టిలో పాత డాలరు నోటు కూడా చెల్లుతుంది కానీ, కంబోడియా మొదలుకొని ఆఫ్రికాలోని చాలా దేశాల దాకా, కాస్త చిరిగినా, గీత పడినా, పాత ముద్రణదైనా తీసుకోరు, లేదా తక్కువ రేటు కడతారు. 2013లో వచ్చిన, నీలిరంగు పట్టీ ఉండే 100 డాలర్ల నోట్లు అడిగి తీసుకోండి, పుస్తకంలో పెట్టి మడతపడకుండా తీసుకెళ్లండి. మొత్తం యాత్రకు సరిపడా నగదు పట్టుకెళ్లే పక్షంలో సరిహద్దు నియమాలు కూడా గుర్తుంచుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లోకి 10,000 యూరోలు, అంతకు మించి, అమెరికాలోకి 10,000 డాలర్లకు మించి తీసుకెళ్తే ప్రకటించి తీరాలి. ట్యునీషియా వంటి దేశాలు తమ దీనార్లను లోపలికి తేవడాన్నీ, బయటికి తీసుకెళ్లడాన్నీ ఒప్పుకోవు. అలాంటి చోట మార్చుకున్నప్పుడు ఇచ్చిన రసీదు దాచుకుంటేనే, వచ్చేటప్పుడు మిగిలినది తిరిగి మార్చుకోగలుగుతారు.

మీ బావగారిచ్చిన పాత నోట్లను వెంట పెట్టుకుపోయే ముందు, అవి ఏ దేశానివో చూసి, ఆ దేశపు కేంద్రబ్యాంకు వెబ్‌సైటులో ఇంకా చెలామణిలో ఉన్నాయో లేదో చూసుకోండి. బ్రిటన్‌లో కాగితపు 20, 50 పౌండ్ల నోట్ల చెలామణి 2022 సెప్టెంబరు 30తో ముగిసింది, దుకాణంలో తీసుకోరు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మాత్రం వాటిని ఇప్పటికీ మార్చి ఇస్తుంది. క్రొయేషియా కూనాలైతే 2023 జనవరి 1న ఆ దేశం యూరోలోకి మారడంతో దుకాణాలకు పనికిరాకుండా పోయాయి.

ఒక దేశం వదిలే ముందురోజు మీ దగ్గర మిగిలిన డబ్బు లెక్క చూసుకోండి. నాణేలను మార్పిడి కౌంటర్లు దాదాపు ఎక్కడా తీసుకోవు, నోట్లను తీసుకున్నా ఆ ‘కొనుగోలు 92’ రేటునే కదా. హోటలు ఖాళీ చేసేటప్పుడు ముందు మీ దగ్గరున్న నోట్లు, చిల్లర అంతా కౌంటరు మీద పెట్టి, మిగిలిన బిల్లును కార్డుతో కడతామని చెప్పండి. చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. కార్డు యంత్రం మీ వైపు తిప్పినప్పుడు తెర మీద ఏ కరెన్సీ ఉందో మాత్రం అప్పుడు కూడా చూడండి.